మా వదిన సూది పరీక్ష

మొన్న మా కోడలు రొమ్ములో గడ్డ తగిలిందని ఉప్పల్‌లో ఆసుపత్రికి వెళ్లి, ఆ చోట మాత్రమే మత్తుమందు ఇచ్చి స్కానింగ్ తెర మీద చూస్తూ సూదితో రవ్వంత ముక్క తీశారని చెబుతూ, మధ్యాహ్నానికల్లా ఇంట్లో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తుంటే, నాకు మా ఆడబిడ్డ గుర్తుకొచ్చింది. కోడలిది మామూలు గడ్డేనని తర్వాత తేలింది. ఆడబిడ్డ సంగతి వేరు.

ఆమె మా ఆయనకు అక్క, నాకు వదిన. చిన్న వయసులోనే భర్త పోతే నాచారంలో మా ఇంటికి వచ్చేసి, అక్కడే ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ పనికి వెళ్లేది. ఒకరోజు దండెం మీద బట్టలు ఆరేస్తూ, స్నానం చేస్తుంటే చేతికి గడ్డ తగిలింది, నొప్పి మాత్రం లేదు అని నాతో మెల్లగా చెప్పింది. ఆ రోజుల్లో అటువంటి మాట ఆడవాళ్ల మధ్య కూడా గొంతు తగ్గించే అనుకునేవాళ్లం, మీకూ గుర్తుండే ఉంటుంది.

వెళ్లి చూపించుకుంటే డాక్టరమ్మ సూది పరీక్ష రాసింది. అది తెలిసి మా అత్తగారు అన్నం ముట్టలేదు.

"సూది పొడిస్తే గడ్డ ఒళ్లంత పాకుతది బిడ్డా, గట్లనే ఉండనియ్యి" అని బతిమాలారు.

వదిన ఎదురు తిరగలేదు. తల్లి పక్కన కూర్చుని, "ఏందో తెల్వక రోజూ భయపడుడు కంటె తెల్సుకునుడే మంచిది గదమ్మా" అంది, మర్నాడు నన్ను తోడు తీసుకుని బయలుదేరింది.

సూదితో గడ్డ పాకదని, అదేమిటో తెలుసుకోకుండా వదిలేయడమే తప్పని డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. అప్పట్లో తెరలూ అవీ లేవు, గడ్డను వేళ్లతో పట్టుకుని సన్నని సూది దించేవారు. వదిన నా మణికట్టు పట్టుకుని గోడకేసి చూస్తూ ఉండిపోయింది.

అది క్యాన్సరే. కానీ తొలి దశలోనే బయటపడింది కాబట్టి ఆపరేషన్‌తో, మందులతో గట్టెక్కింది. దవాఖానాలో కూతురి జడ అల్లుతూ మా అత్తగారు, "నువ్వు నా మాట ఇనకపోవుడే మంచిగైంది" అన్నారు. ఆ మాట అనడానికి ఆమెకు ఎంత మనసు కావాలో నాకు తెలుసు.

తిరిగి పనిలో చేరాక వదిన తన సంగతి దాచలేదు. మధ్యాహ్నం అన్నం డబ్బాలు విప్పుకునే చోట తోటి ఆడవాళ్లకు అన్నీ చెప్పేది, అనుమానం ఉన్నవాళ్లను సెలవు పెట్టి మరీ ఆటోలో దవాఖానాకు తీసుకెళ్లేది. అలా వెళ్లినవాళ్లలో ఒకావిడకు జబ్బు తొలి దశలోనే బయటపడి ప్రాణం నిలిచింది. వదిన ముసలితనం దాకా బతికి, ఆ మధ్యనే నిద్రలో వెళ్లిపోయింది.

ఇప్పటి ఆడపిల్లలు ఎవరికీ చెప్పకుండా స్కూటీ మీద పరీక్షకు వెళ్లి వస్తున్నారు, రిపోర్టు ఫోనులోనే చూసుకుంటున్నారు. వాళ్ల ధైర్యం చూస్తే ముచ్చటేస్తుంది. అయినా ఆసుపత్రి బెంచీల మీద ఎవరికి వారే ఫోను చూసుకుంటూ కూర్చోవడం చూసినప్పుడు, పక్కకు వెళ్లి కూర్చుని, ఏమ్మా, ఏమన్నారు అని అడగాలనిపిస్తుంది. అడిగితే ఏమనుకుంటారోనని ఊరుకుంటాను.