గోదాంలో రాజేశం చేయి

దయ్యాల ముచ్చట మొదలైతే లేచి వెళ్లిపోయే మనిషిని నేను. ఇప్పటికీ అంతే. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మాది మేడిపల్లి. మా తాత వీధిలో నడుస్తుంటే ఎదురొచ్చినవాళ్లు పక్కకు జరిగేవారు. భూములు పోయాయి, మా దొరల గడి కూలింది. ఆ నడక మాత్రం నాకు మిగిలింది. దుబాయిలో గోదాం పనికి వెళ్లినా దాన్ని మార్చుకోలేదు.

ఆ గోదాంలో సరుకు మోసేవి డ్రైవర్ లేని బండ్లు. పైకప్పుకు బిగించిన పెట్టెల నుంచి సిగ్నల్ అందుకుని, నేల మీది గీతల వెంట తిరుగుతాయి. మనిషి అడ్డొస్తే ముందున్న కెమెరా చూసి ఆగుతాయి. వాటి దారిలో నడవొద్దని మాకు చెప్పారు. నేను నడిచేవాణ్ని. అవే ఆగేవి.

రాజేశంది సిరిసిల్ల పక్కన తంగళ్ళపల్లి. మరమగ్గాలు నడిపేవాడు, ఆ సాంచాలు బందై వచ్చాడు. కోరుట్లలో ఏజెంటు దగ్గర ఒకే బెంచీ మీద కూర్చున్నాం, ఇక్కడ ఒకే వరుసలో పడ్డాం. సాంచాల షెడ్డులో ఆ మోతకు మాట వినపడదట. చేతులతోనే మాట్లాడుకుంటారట. చేయెత్తి పిడికిలి బిగిస్తే ‘ఆపు’ అని. అలవాటు పోక బండ్లకూ అట్లే చూపేవాడు. అందరూ నవ్వేవారు.

“దొరా, జర పక్కకు జరుగు. నువ్వు దొరవని గా బండికేం ఎర్క?” అనేవాడు నాతో.

“ఎర్కయితది. ఆగుతది సూడు.”

“ఆగనినాడు మీ తాత పేరు చెప్పు మరి!”

నడుము పట్టేసి రాజేశం పని మానేసి తంగళ్ళపల్లికి వెళ్లిపోయాడు.

తర్వాత ఒక మధ్యాహ్నం. పైకప్పు అద్దాల నుంచి ఎండ జారుతోంది. అట్టపెట్టెల దుమ్ము ఆ వెలుగులో దూదిలా తేలుతోంది. చప్పుడన్నది లేదు. ఎదురుగా బియ్యం బస్తాల బండి వస్తోంది. నేను జరగలేదు.

బండి వెనక, దారి చివర, రాజేశం నిలబడి ఉన్నాడు. బనీను మీద నూలు పోగులు. చేయెత్తి పిడికిలి బిగించాడు. బండి వైపు కాదు, నా వైపు చూస్తూ.

నేను పక్కకు జరిగాను.

బండి నా చొక్కా చేతిని రాసుకుంటూ పోయి ఇనుప స్తంభాన్ని గుద్దింది. స్తంభం వంగిపోయింది. దారి చివర ఎవరూ లేరు.

కెమెరాకు ప్లాస్టిక్ కాగితం అతుక్కుందని ఇంజనీరు చూపించాడు. బండి సంగతి అర్థమైంది.

సాయంత్రం రాజేశం ఇంటికి ఫోన్ చేశాను. అతని భార్య ఎత్తింది. నేనేమీ చెప్పకముందే తనే మొదలుపెట్టింది.

“ఇయ్యాల పగటీలి అన్నం తిని పండుకున్నోడు ఉన్నట్టుండి లేచి కూసున్నడు సారూ. కండ్లు మూసుకునే చెయ్యి లేపి పిడికిలి పట్టిండు. కలల గూడ సాంచా నడుపుతున్నడని నవ్విన.”

రాజేశాన్ని అడిగితే, “నిద్రల ఏం జేసిన్నో నాకేం ఎర్క దొరా,” అన్నాడు.

చనిపోయినవాడైతే దయ్యమని ఎవరో ఒకరు చెప్పేవారు, నేను కాదని లేచిపోయేవాణ్ని. రాజేశం బతికే ఉన్నాడు. ఆ మధ్యాహ్నం నేను చూసిందేమిటో చెప్పే మాట నా దగ్గర లేదు.