అడుగు నీళ్ల లెక్క

పదిహేడేళ్లు సైన్యంలో ఫిరంగుల దళంలో ఉన్నాను. గుండు ఎంత దూరంలో పడుతుందో లెక్కగట్టడం నా పని. చదివింది ఏడో తరగతే, లెక్కలు నాకు నేనే నేర్చుకున్నాను. అక్కడ నా అంకెను ఇంకొకరు సరిచూశాకే ఫిరంగి పేలేది. షామీర్‌పేట అవతలి మా ఊరికి వచ్చి వరి సాగులో పడ్డాక, సరిచూసేవాళ్లు లేరు.

2013లో సర్పంచుగా నిలబడినప్పుడు ఒకే మాట చెప్పాను. చెరువు నిండితే నీళ్లు పొర్లిపోయే మత్తడి గోడ మీద ఇసుక సంచులు పేర్చి ఒక అడుగు నీళ్లు ఎక్కువ ఆపితే, వానాకాలం తర్వాతి యాసంగి పంటకు ఇంకో ఇరవై ఎకరాలు పారుతుందని. ఆ ఇరవై ఎకరాలే నన్ను గెలిపించాయి. సంచులు దగ్గరుండి పేర్పించాను.

వానాకాలం చివర్లో ముసురు పట్టింది. మూడో రోజు పొద్దున ఏడింటికి కట్ట పక్కన అంగుళాల గీతలు పెట్టిన కర్ర పాతాను. గంటలో నీళ్లు రెండంగుళాలు పెరిగాయి. కట్ట అంచుకు ఇంకా రెండడుగులు. అంటే పన్నెండు గంటలు. కట్ట కింది పద్నాలుగిళ్ల వాళ్లు నా ముఖమే చూస్తున్నారు.

"పొద్దుగూకేదాక ఏం గాదు," అన్నాను. నమ్మి ఇళ్లలోకి వెళ్లిపోయారు.

తూము చూసుకునే ముసలి నీరటి గొంగడి కప్పుకొని వచ్చాడు.

"అల్లుడా, పైచెరువును లెక్కల ఏసినవా?"

"పైచెరువేంది మామా?"

"తెల్లారంగనే మత్తడి దుంకింది. గా నీళ్లు యాడికి పోతయనుకున్నవ్, మిలిట్రీకా?"

కర్ర వైపు పరిగెత్తాను. అరగంటలో నాలుగంగుళాలు. మిగిలింది ఇరవై. రెండున్నర గంటలు, అదీ వరద ఇంకా పెరగకపోతే. గీతలు రెండుసార్లు తప్పు లెక్కబెట్టాను.

"ఇండ్లు ఖాళీ జేయిండ్రి! సంచులు తియ్యాలె, జల్దీ రాండ్రి!"

ఒక రైతు అడ్డం నిలబడ్డాడు. "ఏంది సర్పంచ్ సాబ్, ఓట్లకు పేర్చి, గెలిచినంక పీకుతవా? యాసంగికి నీళ్లు మీ ఇంట్లకెల్లి తెస్తవా?"

"నా లెక్క తప్పిందన్నా."

అంతమందిలో ఆ మాట అనడం నాకు అదే మొదలు. అతను కర్ర వైపు చూశాడు. నా నడుముకు తాడు కట్టి, చివర తన చేతికి చుట్టుకున్నాడు.

మత్తడి మీద సంచి లాగినప్పుడల్లా నీళ్లు కాళ్లను ఈడ్చేవి. ఫిరంగుల మధ్య కూడా అంత భయపడలేదు. అక్కడ తప్పయితే ఎవరో ఆపేవారు. మత్తడి కాలువ పక్కనున్న నా వరి మునిగిపోయింది. ఏడంగుళాలు మిగిలాయనగా నీళ్లు నిలిచాయి. కట్ట ఆగింది. పద్నాలుగిళ్లూ మిగిలాయి.

ఆ యాసంగిలో ఇరవై ఎకరాలూ బీడు పడ్డాయి. "ఏమాయె సాబ్ నీ అడుగు?" అని ఆ రైతు ఎదురైనప్పుడల్లా అడిగేవాడు. ఇప్పటికీ మబ్బు పడితే ముందు పైచెరువు దాకా నడిచి వెళ్తాను. తిరిగొచ్చి నా అంకె నీరటి మామకు చెప్పి, ఆయన తలూపేదాకా అక్కడే నిలబడతాను.