రూసీ అంటే ఏందో అడగని పాపానికి

ఆ రోజు పప్పుకు పోపు పెడుతుంటే ఇంగువ వాసన రాలేదు. ఇంగువ పాతదేమో అనుకుని ఇంకో చిటికెడు వేశాను. అప్పటికీ రాలేదు. మరో చిటికెడు వేశాను. అన్నం తింటూ మా ఆయన, "ఏందే, ఇయ్యాల పప్పులో ఇంగువ డబ్బా బోర్లించినవా?" అన్నాడు. అప్పుడు తెలిసింది, పోయింది ఇంగువ వాసన కాదు, నా ముక్కు అని.

మాది సుక్మా జిల్లాలో కుంట ఊరి దగ్గర పల్లె. నేను చదివింది ఐదో తరగతి. పెళ్లయినాక బచేలి ఇనుపగని క్వార్టర్లకు వచ్చాను, ఇక్కడ ఎక్కువ హిందీవాళ్లే. మా ఆయన గనిలో డంపర్ నడుపుతాడు. ఇక్కడ ఆరేసిన తెల్లచీర సాయంత్రానికి ఎర్రబడుతుంది, అంత ఎర్రదుమ్ము. అందుకని తుమ్ములు మొదలైతే దుమ్ము అనుకున్నాను. కళ్లు దురదపెడితే దుమ్ము అనుకున్నాను. మెట్లెక్కితే ఛాతీలో పిల్లనగోవి ఊదినట్టు కూత వస్తే, అదీ దుమ్మే అనుకున్నాను.

అసలు సంగతి గోడ అవతల ఉంది.

గోడ అవతల సరోజ వాళ్లు. విజయనగరం వైపు మనుషులు, పిల్లలు లేరు. సరోజ ఆయన రాయపూర్ నుంచి ఒక కుక్కపిల్లను తెచ్చాడు. తెల్లగా, గుబురుగా, దూదిమూటకు కళ్లు పెట్టినట్టు ఉంటుంది. పేరు బర్ఫీ. అమ్మినవాడు రష్యా జాతి అన్నాడట. చూడవచ్చిన హిందీవాళ్లందరికీ ఆయన "రూసీ హై, రూసీ" అని చెప్పగా చెప్పగా, మా లైన్లో అందరూ దాన్ని రూసీ అనే పిలవడం మొదలుపెట్టారు. హిందీవాళ్ల ఆడపిల్లలు ఆ పేరు విని కిసుక్కున నవ్వేవాళ్లు. ఎందుకు నవ్వేవాళ్లో నాకప్పుడు తెలియదు.

మాకు ఒక్కతే కూతురు, కావ్య, తొమ్మిదో తరగతి. బడి నుంచి రావడం, సంచి విసిరేయడం, గోడ అవతలికి పోవడం. నేను పుట్నాలు బెల్లం పెడితే "తర్వాత తింటలే అమ్మా" అనేది. గోడ అవతల సరోజ పెట్టిన ఉప్మా తినేది. ఆ ఉప్మా నేనూ తిన్నాను, ఉప్పుండదు. "సరోజత్త బర్ఫీకి షేక్‌హ్యాండ్ నేర్పింది." "సరోజత్త నాకు రెండు జడలు వేసింది." ఇంట్లో నాకు దొరికేది ఊఁ, ఆఁ. గోడ మీదుగా వినపడేది పకపకా నవ్వు. పిల్లల్లేని మనిషి మీద కుళ్లుకోవడం పాపమని తెలుసు. తెలిసే కుళ్లుకున్నాను.

కావ్య ఒళ్లంతా తెల్లవెంట్రుకలతో వచ్చి, పడుకునేముందు నా ఒళ్లో తల పెట్టేది. ఆ ఒక్క ఘడియ నాది. అప్పుడే తుమ్ములు ఎక్కువయ్యేవి. తల తీయమని మాత్రం అనలేదు.

కూత ఎక్కువై టౌన్‌షిప్ ఆస్పత్రికి పోయాను. చిన్నవయసు డాక్టరమ్మ, బిలాస్‌పూర్ వైపు అమ్మాయి, హిందీ తప్ప రాదు. గొట్టంలో ఊదించింది. రక్తం తీసి అలర్జీ టెస్టుకు బయటికి పంపింది. రిపోర్టు వచ్చిన రోజు మా ఆయన డ్యూటీలో ఉన్నాడు, ఒక్కదాన్నే పోయాను. డాక్టరమ్మ కాగితం చూసి అన్నది: "ఆప్‌కో కుత్తే కీ రూసీ సే ఎలర్జీ హై. కుత్తే సే దూర్ రహియే."

నాకు బజారు హిందీ వచ్చు. టమాటా బేరం ఆడతాను, బస్సులో సీటు కోసం కొట్లాడతాను. నాకు అర్థమైంది ఇది: నీకు రూసీ కుక్క పడదు, ఆ కుక్కకు దూరంగా ఉండు.

జబ్బు ఉందని చెబితే ఎవరైనా సంతోషిస్తారా? నేను సంతోషించాను. ఇన్‌హేలర్, ముక్కులో కొట్టుకునే స్ప్రే, అలర్జీ బిళ్లలు సంచిలో వేసుకుని పండక్కి చీర కొన్నదానిలా ఇంటికి వచ్చాను. వచ్చీరాగానే గోడ దగ్గర నిలబడ్డాను.

"సరోజా, డాక్టరమ్మ చెప్పింది. నాకు జబ్బు మీ రూసీ వల్లనే."

సరోజ మొహం మాడిపోయింది. "అయ్యో వొదినా! మా బర్ఫీ వల్లేటి? డాక్టరుగారు బర్ఫీ అనే సెప్పేరా?"

"రూసీ అని నోటితో అన్నది. చెవులారా విన్న."

"అలాగైతే పిల్లని మా ఇంటికి పంపకు వొదినా. నేనే సెప్తాను దానికి. నువ్వు బాగుండాల." చెప్పి బర్ఫీని లోపలికి తీసుకుపోయి తలుపు వేసుకుంది. నేను కోరుకున్నది అదే. కానీ ఆ తలుపు చప్పుడు నాకు బాగా అనిపించలేదు.

కావ్య అటు పోవడం మానేసింది. నా దగ్గరికి రావడమూ మానేసింది. రెండు వారాలు కిటికీ దగ్గర కూర్చుంది. అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. పడనిది రూసీ జాతి కదా, వేరే జాతి కుక్కను మనమే తెస్తే? పిల్ల మన ఇంట్లోనే ఉంటుంది.

మా ఆయన "డాక్టర్ని మళ్లొకసారి అడుగుదామే" అన్నాడు. "ఆమె చెప్పింది నాకు అర్థం కాలేదనా నీ ఉద్దేశం? ఐదో తరగతి అనేగా!" అని లేచాను.

ఇక జాతుల వేట. ఒకరు పూడిల్ మంచిది, వెంట్రుకలు రాలవన్నారు. ఇంకొకరు లాబ్రడార్ బుద్ధిమంతురాలన్నారు. ఎవరేం చెప్పినా నేను అడిగేది ఒక్కటే: "యే రూసీ తో నహీ హై నా?" ఇది రూసీ కాదు కదా అని. కొందరు నా తలవైపు చూసేవాళ్లు. చివరికి జగదల్‌పూర్‌లో ఒకాయన దగ్గర పొట్టికాళ్లు, పొడుగు ఒళ్లు, ఉండీ లేనట్టు వెంట్రుకలున్న కుక్కపిల్ల దొరికింది. "జర్మన్ హై మాతాజీ, బాల్ నహీ గిర్తా" అన్నాడు. జర్మనీ, పైగా వెంట్రుకలు రాలవు. ఇంకేం కావాలి? ఒళ్లు బెల్లం రంగు. వాళ్లది బర్ఫీ అయితే మాది బెల్లం. ఆ పేరు కావాలనే పెట్టాను, గోడ అవతలికి వినపడేలా పిలిచాను.

మూడు వారాలు నా ఇల్లు ఇల్లులా ఉంది. కావ్య వంటింటి గడపలో కూర్చుని బెల్లాన్ని ఒళ్లో పెట్టుకుని బడిలో సంగతులన్నీ నాకే చెప్పింది. నేను రొట్టెలు చేస్తూ వినేదాన్ని. గోడ అవతల చప్పుడు లేదు. ఆ చప్పుడు లేకపోవడం కూడా నాకు తియ్యగానే ఉండేది.

కానీ నా ఛాతీ మళ్లీ కూయడం మొదలుపెట్టింది. అరచేతుల మీద దద్దుర్లు లేచాయి. కొంగులో తుమ్మేదాన్ని. కావ్య చూస్తే "దుమ్ము బిడ్డా" అనేదాన్ని. ఇన్‌హేలర్‌ను స్నానాలగదిలో సున్నిపిండి డబ్బా వెనక దాచి, నీళ్లు గట్టిగా వదిలి పీల్చుకునేదాన్ని. చెబితే కుక్క పోతుంది. కుక్క పోతే పిల్ల మళ్లీ గోడ అవతలికి పోతుంది. ఊపిరి కంటే నాకు అదే ఎక్కువ భయం.

ఒక ఆదివారం మధ్యాహ్నం కావ్య ట్యూషన్‌కు పోయింది, మా ఆయన డ్యూటీలో ఉన్నాడు. పెరట్లో బెల్లానికి స్నానం చేయిస్తున్నాను. అది ఒళ్లు విదిలించి, ఎగిరి నా మొహమంతా నాకింది. రెండు నిమిషాలు పట్టలేదు. కళ్లు వాచిపోయాయి, ఛాతీకి తాళం పడింది. గాలి లోపలికి పోతోంది, బయటికి రావడం లేదు. అరవడానికి గొంతు లేదు. చేతిలో మగ్గు, పక్కనున్న ఇత్తడి బిందె రెండూ పడ్డాయి.

ఆ చప్పుడుకు గోడ దూకి వచ్చింది సరోజ. చీర గోడకు పట్టి చిరిగింది. "వొదినా! ఓలమ్మో, ఏటైపోనాది!" నన్ను స్కూటీ మీద కూర్చోబెట్టి, తన కొంగుతో నన్ను తన నడుముకు కట్టుకుని ఆస్పత్రికి తీసుకుపోయింది.

నెబ్యులైజర్ పెట్టారు, స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చారు. ఊపిరి కొంచెం తిరిగేసరికి డాక్టరమ్మ నా చీర మీది బెల్లం రంగు వెంట్రుకలు చూసి హిందీలో కేకలేసింది. కుక్కకు దూరంగా ఉండమని చెప్పానా లేదా? ఇంట్లో కుక్కను పెట్టుకున్నావా?

నేను మాస్కు పక్కకు లాగి, రొప్పుతూనే, "లేకిన్ మేడమ్, యే రూసీ నహీ హై! జర్మన్ హై!" అన్నాను.

డాక్టరమ్మ నోరు తెరిచి నన్నే చూసింది. నర్సు ట్రే కింద పెట్టేసింది. ముందు అర్థమైంది సరోజకే. నెత్తి మీద చేయి పెట్టుకుని, "ఓలమ్మ వొదినా! రూసీ అంటే రష్యాదీ అవుద్ది గానీ, డాక్టరుగారన్నది సుండ్రు! తల్లో సుండ్రు ఉంటాది సూడు, అది! కుక్క సుండ్రు!" అని, నవ్వో ఏడుపో తెలియకుండా గోడకు చేరగిలబడింది.

ఇన్నేళ్లు ఇక్కడ ఉండి ఆ మాట నాకు తెలియదు. మా ఇంట్లో టీవీ తెలుగే, చుండ్రు అంటే చుండ్రే.

డాక్టరమ్మ ఈసారి మెల్లగా చెప్పింది, సరోజ తెలుగులో అందించింది. అలర్జీ వెంట్రుకలతో కాదు, కుక్క చర్మం నుంచి రాలే పొట్టుతో, ఉమ్మితో. అవి లేని కుక్క ఏ దేశంలోనూ లేదు. వెంట్రుకలు రాలవు, అలర్జీ రాదు అని అమ్మేవాళ్లు చెప్పేది నమ్మొద్దు. కొందరికి ఒక కుక్క పడకపోవచ్చు, ఇంకో కుక్కతో కొంచెం నయంగా ఉండొచ్చు. అది జాతి పేరును బట్టి తెలియదు. తెచ్చుకునే ముందే డాక్టర్ని అడిగి, ఆ ఇంట్లో అలర్జీ మనిషి ఆ కుక్క దగ్గర నాలుగైదుసార్లు గంటల తరబడి కూర్చుంటే కొంత తెలుస్తుంది. "మీలాగా ఆయాసం వచ్చేవాళ్లకు మాత్రం కుక్క వద్దనే చెబుతాను" అన్నది.

ఇంటికి వచ్చేసరికి కావ్య చేతిలో నా ఇన్‌హేలర్ ఉంది. సున్నిపిండి డబ్బా తీసినప్పుడు దొరికిందట.

"నాకు కుక్క కావాలని నిన్నెప్పుడన్న అడిగిన్నా అమ్మా?"

నిజమే, అడగలేదు.

"మరి పొద్దుగూకులూ అటు పోయేదానివి కదనే?"

"ఇక్కడ కూసుంటే పుస్తకం తియ్ అంటవ్. సరోజత్త ఏమనదు. గంతే."



బెల్లం పోవాలి. సరోజ "మా బర్ఫీకి తోడుంటాది, నాకిచ్చేయి వొదినా" అన్నది. నన్ను కొంగున కట్టుకుని మోసుకుపోయిన మనిషి అడిగితే నేనేం చేశాను? సుక్మాలో మా ఆడబిడ్డకు ఫోన్ చేసి, కుక్క కావాలా అని అడిగాను. ఎవరికైనా ఇస్తాను గానీ సరోజకు రెండు కుక్కలూ, నా కూతురూ దక్కకూడదు. నా బుద్ధి అది. ఆడబిడ్డ వద్దన్నది. వద్దనడమే మంచిదైంది. బెల్లాన్ని నేనే ఎత్తుకోలేను కాబట్టి, కావ్య ఎత్తుకుని గోడ మీదుగా సరోజకు అందించింది.

ఇల్లంతా కడిగాం, పరుపులు ఎండేశాం. రెండు నెలలు బిళ్లలు, ఇన్‌హేలర్ తప్పకుండా వాడాను. ఒక రోజు పోపు పెడుతుంటే ఇంగువ వాసన గుప్పున కొట్టింది. పొయ్యి దగ్గరే ఏడ్చాను.

ఇప్పుడు కావ్య సాయంత్రం అటే పోతుంది. తిరిగొచ్చి ఆ బట్టలు పెరట్లోనే విడిచి, తల మీద నీళ్లు పోసుకుని, నా దగ్గరికి వస్తుంది. పుస్తకం తియ్యమని నేను అనను. తడితల నా ఒళ్లో పెట్టుకుంటుంది, తుమ్ము రాదు. అయినా గోడ అవతల బెల్లం సరోజను చూసి తోకాడిస్తుంటే నాకు ఇప్పటికీ మండుతుంది. దానికి బిళ్ల లేదు.

చదివేవాళ్లకు ఒక్కటే చెబుతాను. డాక్టరు చెప్పిన మాట అర్థమైందనిపించినా, మీ భాష తెలిసిన మనిషిని పక్కన పెట్టుకుని ఇంకోసారి అడగండి. ఆ మాట వినగానే మీకు సంతోషం కలిగితే మాత్రం, రెండుసార్లు అడగండి.