తొడ కింద స్పానర్

కర్నూలులో మా వీధి మొదట్లో ఒక సైకిల్ మేస్త్రీ ఉండేవాడు. ఎవరు కొత్త సామాను తెచ్చినా, ఎంత తొందరపెట్టినా, ముందు స్పానర్‌ను తొడ కింద పెట్టుకుని కూర్చునేవాడు. తర్వాత రెండు వేళ్లతో మర తిప్పి చూసేవాడు.

నా పాత గేర్ల సైకిల్‌కు పెడళ్ల ఇరుసు అరిగిపోతే ఫోన్‌లో కొత్త సెట్టు తెప్పించాను. మేస్త్రీ వేళ్లతో తిప్పితే, ఇరుసును పట్టి ఉంచే కప్పు ఒక్క చుట్టు తిరిగి ఆగిపోయింది.

"మర కలుస్తాలేదప్పా. ఇది నీ బండిది కాదు."

"స్పానర్ పెట్టి ఒత్తితే అదే పోతాది గదా," అన్నాను.

"పోతాది. దాంతోపాటు నీ బండి గూడా పోతాది."

చాదస్తమనుకుని ఇంటికెళ్లి నేనే బిగించాను. కప్పు వంకరగా దిగి, ఫ్రేములోని మరలన్నీ కొరుక్కుపోయాయి.

మర్నాడు తలవంచుకుని మేస్త్రీ దగ్గరికి వెళ్లాను. ఆయన ఒక పాత ఇనుప కప్పుకు రంపంతో గాట్లు పెట్టి, మర కోసే పనిముట్టుగా మార్చి, దాన్నే ముందుకూ వెనక్కూ తిప్పుతూ గంటసేపు ఫ్రేములోని మరలు సాపు చేశాడు. తన డబ్బాలోని సెట్లను నా పాతదాని పక్కన పెట్టి చూసి, సరైనది తీశాడు.

"నువ్వే తిప్పప్పా, వేళ్లతో."

కప్పు చివరిదాకా మెత్తగా దిగింది.

అప్పుడు గానీ ఆయన స్పానర్ కోసం తొడ ఎత్తలేదు.