మెంతుల గిన్నె కుర్రవాడు

క్రిస్మస్ సెలవుల్లో ఊళ్ళో తాత్కాలికంగా వేసిన మంచు మైదానానికి మా అమ్మాయిని తీసుకువెళ్ళాను. బూట్ల కింది బ్లేడు మంచును గీరుతున్న చప్పుడు వినగానే నా కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. "మమ్మీ, ఆర్ యూ గ్రాండ్?" అని ఇక్కడి ఐరిష్ పిల్లల యాసలో అడిగింది పిల్ల. బాగానే ఉన్నాను. ఆ చప్పుడు నేను మొదట విన్నది ఐర్లండ్ వచ్చిన కొత్తలో, లూకన్‌లో, సుగుణ ఆంటీ ఇంటి టీవీలో, అన్నంలో పచ్చిపులుసు పోసుకుంటూ.

సుగుణ ఆంటీ మా పక్కింటావిడ. కరీంనగర్ మనిషి. ప్రభాకర్ అంకుల్ ఉద్యోగరీత్యా కొన్నేళ్ళు కెనడాలో ఉండి, తర్వాత ఐర్లండ్ వచ్చారు. అక్కడి ఇంటిని, స్నేహితులను వదిలి రాగలిగారు గానీ, అక్కడి ఐస్ హాకీ జట్టును మాత్రం ఆంటీ వదల్లేదు. తమాషా ఏమిటంటే, ఆ జట్టులో పేరుమోసిన ఆటగాళ్ళంటే ఆవిడకు పెద్ద పట్టింపు లేదు. జట్టు ఎంపిక చేసుకుని, ఇంకా పెద్ద ఆటల్లోకి దించకుండా చిన్న ఊళ్ళలో సానబెడుతున్న కుర్రవాళ్ళున్నారే, వాళ్ళంటే ప్రాణం. వాళ్ళలో ఎవడు పైకొస్తాడు, ఎవడు మధ్యలో జారిపోతాడు అన్నది తేల్చడానికి ఎండాకాలం ఆదివారాలు మమ్మల్ని భోజనానికి పిలిచేవారు. తిన్నాక బల్ల మీద పోపులపెట్టె తెరిచి, అందులోని గిన్నెలు వరసగా పెట్టేవారు. ఒక్కో గిన్నె ఒక్కో కుర్రవాడు. ఆవాలంటే ఆరడుగుల డిఫెండరు, జీలకర్రంటే గోల్ మీద గోల్ కొట్టేవాడు. వాదించి ఒప్పిస్తే గిన్నె ముందుకు జరుగుతుంది. ఐర్లండ్ వాళ్ళ కర్రబంతి ఆట హర్లింగ్ తప్ప మరో ఆట ఎరగని ఎదురింటి డెక్లన్ కూడా జీలకర్ర కోసం గొంతు చించుకునేవాడు.

నేను ఆ ఇంటికి వెళ్ళడం మొదలుపెట్టింది దిగులుతో. కొత్త ఉద్యోగం, ప్రొబేషన్ ఇంకా ముగియలేదు. పని బాగానే చేస్తున్నాను గానీ మీటింగుల్లో నోరు పెగిలేది కాదు. మేనేజరు ఫియోనా మొహం మీదే చెప్పేసింది, నా మనసులో ఏముందో తెలియకుండా నన్ను ఖాయం చెయ్యలేనని. ఉద్యోగం పోతే పర్మిట్ పోతుంది, పెట్టె సర్దుకోవాలి. ఈ సంగతి ఆంటీ ఒక్కరికే చెప్పుకుని ఏడ్చాను. ఆవిడ ఓదార్చలేదు, ఆదివారం భోజనానికి రమ్మన్నారు.

ఆ ఆదివారం నన్నూ వరస పెట్టమన్నారు. తప్పించుకుందామని, పొట్టిగా ఉన్న గోల్‌కీపర్ కుర్రవాణ్ణి, అంటే మెంతుల గిన్నెను, అన్నిటికన్నా వెనక్కి నెట్టేసి ఊరుకున్నాను. ఆంటీ ఊరుకోలేదు.

"మా ఇంట్ల ఒక పద్ధతున్నది బిడ్డా. ఎవన్ని అడుగున పెడ్తవో, వాని దిక్కు నువ్వే మాట్లాడాలె."

"నాకు ఈ ఆటే తెలీదు ఆంటీ."

"తెల్వకుండనే అడుగున పెట్టినవ్ గదా. తెల్వకుండనే మాట్లాడు."

"పెండ్లైన కాడి సంది ఆమెతోని నేనే గెలువలేదమ్మా," అన్నారు అంకుల్ జాలిగా. నాకు ఒళ్ళు మండింది. ఆ వారమంతా బస్సులో కూర్చుని ఫోన్‌లో ఆ పొట్టివాడి ఆటలే చూశాను.

మరుసటి ఆదివారం డెక్లన్‌తో ఇంగ్లీషులో కొట్లాటకు దిగాను. గోల్ పడితే మా మెంతులవాడు గుక్కెడు నీళ్ళు తాగి, ఏమీ జరగనట్టు మళ్ళీ నిలబడతాడన్నాను. నీ జీలకర్రకు ఒక్క గోల్ తప్పితే చాలు, ఆట అయ్యేదాకా మొహం వేలాడేస్తాడన్నాను. నీ మెంతులవాడు మరీ పొట్టి అన్నాడు డెక్లన్. పొట్టి కాబట్టే ముందుకొచ్చి దారి మూసేస్తున్నాడని నేను అరిచాను. కడుక్కోని చెయ్యి అలాగే ఎండిపోయింది. ఆంటీ మెంతుల గిన్నెను జీలకర్ర పక్కకు జరిపారు.

ఆ తర్వాతి వారమే ఆఫీసులో ఒక చిక్కు వచ్చింది. దాన్ని తీర్చడానికి తలా ఒక పద్ధతి చెప్పాం. వాటిలో ఒకదాన్ని అందరం అడుగున పెట్టాం, నాతో సహా. అక్కడితో ఆగకుండా, అడుగున పెట్టాను కాబట్టి నేనే మాట్లాడాలన్నట్టు, అలవాటు కొద్దీ దాని తరఫున వాదించడం మొదలుపెట్టేశాను. అందరూ నోరు తెరిచి చూశారు. ఇంతకీ నువ్వు ఎటువైపు అని అడిగింది ఫియోనా. నవ్వులయ్యాక అసలు చర్చ మొదలైంది, చివరికి ఆ పద్ధతిలోని సగం మా పనిలోకి వచ్చి చేరింది. నన్ను ఖాయం చేసిన రోజు ఫియోనా, "నీలో ఇంత గొడవ ఉందని ఇన్నాళ్ళూ చెప్పలేదేం?" అంది.

మరుసటి ఎండాకాలం జట్టు ఆ గోల్‌కీపర్‌ను వదిలేసింది. ఆ వార్త చదివి సొంత తమ్ముడి ఉద్యోగం పోయినంత బాధపడ్డాను. ఆంటీ దగ్గరికి పరుగెత్తాను. ఆవిడ చిక్కుళ్ళు ఒలుస్తున్నారు.

"అంత కొట్లాడినా వాడు పైకి రాలేదు చూశారా ఆంటీ."

"వాడు రాలే," అన్నారు తల ఎత్తకుండానే. "నువ్వొచ్చినవ్ గదా."

నిరుడు ఆంటీ కన్నుమూశారు. ఆ జట్టు ఇప్పుడెలా ఆడుతోందో నాకు తెలియదు, ఆవిడ లేకుండా చూడబుద్ధి కాదు. ఇంట్లో ఏదైనా మాట వస్తే మా ఆయన, నీతో గెలవడం మా వల్ల కాదంటూ చేతులెత్తేస్తారు. అలా అన్నప్పుడల్లా ముందు గర్వపడతాను, ఆ వెంటనే కళ్ళు చెమరుస్తాయి. నోరులేని పిల్లగా ఈ దేశం వచ్చాను. ఈ నోరు ఆంటీ పెట్టిన భిక్ష.