తెడ్డు దెబ్బ, పెరుగన్నం ముద్ద

నా చిన్నప్పుడు నేను మా ఊళ్లో పెద్ద రౌడీని. ఇప్పుడు మోకాళ్లు పట్టుకుని లేచే ఈ ముసలమ్మను చూసి ఎవరూ నమ్మరు గానీ, నిజం. పులికాట్ సరస్సు ఒడ్డున ఉన్న మా పల్లెకు ఏటా ఎండాకాలం డేరా సినిమా వచ్చేది. ఫైటింగు సినిమా పడిందంటే మరునాడు ఇసుకలో పిల్లలందరమూ హీరోలమే. విలన్‌కి మాత్రం మా చిన్నాన్న కొడుకొక్కడే దొరికేవాడు. నాకంటే చిన్నవాడు, మెతకవాడు.

ఒకరోజు సినిమాలో కర్ర తిప్పినట్టు పడవ తెడ్డు తిప్పాను. తెరమీద విలన్ ఎన్ని దెబ్బలు తిన్నా లేచి వస్తాడు. మా తమ్ముడు లేవలేదు. పెదవి చిట్లి, రక్తం కారుతూ కూర్చుండిపోయాడు. నేను తెడ్డు ఇసుకలో పారేశాను.

సాయంత్రం వలలు ఆరేసే చోట పెద్దలంతా చేరారు. "సినిమాలు చూసి పిల్లకాయలు చెడిపోతా ఉండారు. రేపట్నించి ఒక్కరు గూడా డేరా కాడికి పోగూడదు" అన్నాడు ఊరి పెద్దకాపు. పిల్లలందరూ నన్ను కొరకొరా చూశారు. నా ఒక్కదాని వల్ల అందరికీ సినిమా పోయేలా ఉంది.

వల బాగుచేసుకుంటున్న మా తాతయ్య తలెత్తకుండానే పెద్దకాపును అడిగాడు. "సరేగానీ అబ్బా, నీ కనుబొమ్మ మీద ఆ గాటు ఎట్టా వచ్చినాది?"

పెద్దకాపు గతుక్కుమన్నాడు. "చిన్నప్పుడు వీధినాటకం చూసొచ్చి గదల ఆట ఆడినాం గదా. కొట్టింది నువ్వే గదయ్యా!"

అందరూ విరగబడి నవ్వారు. నేనూ నవ్వబోయాను. తాతయ్య నావైపు తిరిగాడు. మా పల్లెలో వల ఎవరు చించితే వాళ్లే కుట్టాలి, చిన్నా పెద్దా తేడా లేదు. ఇదీ అంతేనన్నాడు. తమ్ముడి పెదవి మానేదాకా వాడికి నేనే తినిపించాలి, వాడు ఏం తింటే నేనూ అదే తినాలి. పెద్దకాపు కాసేపు గాటు తడుముకుని, అట్లయితే డేరాకి పోగూడదన్న మాట వదిలేద్దామన్నాడు.

చేపల పులుసు తగిలితే తమ్ముడికి పెదవి భగ్గుమనేది. అందుకని ఇద్దరికీ మూడుపూటలా పెరుగన్నమే. ముద్ద మెత్తగా పిసికి నోట్లో పెడుతుంటే వాడి కళ్లలో నీళ్లు తిరిగేవి. తెరమీద క్షణంలో అయిపోయే దెబ్బ ఇంట్లో ఎన్నిరోజులు ఉంటుందో అప్పుడు తెలిసింది. నిజానికి వారానికే మానిందట. దొంగవెధవ పదిహేను రోజులు పెట్టించుకున్నాడు.

ఇప్పుడు నా మనవడు ఫోన్‌లో తుపాకులు పేలుస్తుంటే మా కోడలు బెంగపడుతుంది. నేను వాడి పక్కన కూర్చుని ఆట చూస్తాను. మొన్న పక్కింటి పిల్లను తోసి మోకాలు గీరుకుపోయేలా చేశాడు. ఫోన్ లాక్కోలేదు, మందు డబ్బా చేతికిచ్చాను. పొద్దునా సాయంత్రం వాడే వెళ్లి రాసి వస్తున్నాడు.

తమ్ముడికీ జుట్టు నెరిసింది. మా ఇంటికి భోజనానికి వస్తే ఇప్పటికీ పెదవి పట్టుకుని మూలుగుతూ కూర్చుంటాడు. నేను తిట్టుకుంటూనే మొదటి ముద్ద మెత్తగా పిసికి వాడి నోట్లో పెడతాను.