మడత పెట్టని గౌను

ఓరీలియా మిమ్స్ పోయి పదకొండేళ్లయింది. ఆమె కుట్టిన గౌన్లు ఒకప్పుడు మా పేట ఆడపిల్లలందరి ఒంటి మీదా ఉండేవి. ఈస్టర్ ముందు నెల రోజులూ ఆమె వసారాలో కాలు పెట్టడానికి చోటుండేది కాదు. ఏ గౌను కుట్టినా కింద నాలుగు వేళ్ల వెడల్పు గుడ్డ లోపలికి మడిచి కుట్టేది. పిల్ల ఎదిగినకొద్దీ ఏటా కొంచెం విప్పుకోవచ్చు. మా దక్షిణ కరోలినాలో నల్లవాళ్ల ఇళ్లలో కింద మడత లేని గౌను ఎవరూ కుట్టించుకునేవారు కాదు. అది తెల్ల దొరసానుల పిల్లలకే చెల్లేది. వాళ్లకు ఏటా కొత్తది వస్తుంది కనుక.

అలాంటి మనిషి ఒక్క గౌను మాత్రం మడత లేకుండా కత్తిరించింది. పంతొమ్మిది వందల యాభై ఆరు జనవరిలో, పెద్దకూతురు వెర్డెల్ కోర్టుకు వేసుకెళ్లడానికి.

రంగును బట్టి బడులు వేరు చేయడం చెల్లదని పై కోర్టు చెప్పి అప్పటికి రెండేళ్లు కావస్తోంది. మా కౌంటీలో ఒక్క బల్ల కూడా కదల్లేదు. తెల్లపిల్లల హైస్కూలు ఎర్ర ఇటుకల మేడ. మా బడిలో పొయ్యి రాజేసుకుని, వాళ్లు వాడి పారేసిన పుస్తకాలతో పాఠాలు చెప్పేవాళ్లం. నేను అక్కడ నాలుగో తరగతి టీచర్ని. పిల్లల్ని ఆ మేడలో చేర్చుకోవాలని దావా వేస్తూ మూడు కుటుంబాలు సంతకాలు చేశాయి. పేర్లు పేపర్లో పడ్డాక నెల తిరక్కుండానే రెండు కుటుంబాలు వెనక్కి తీసుకున్నాయి. ఓరీలియా తీసుకోలేదు. నేను అసలు సంతకమే పెట్టలేదు. పెట్టిన టీచరుకు మరుసటి ఏడు ఉద్యోగం ఉండదు.

పట్నం నుంచి వచ్చిన మా లాయరు బోల్డెన్ మార్చిలో విచారణ అన్నాడు. ఓరీలియా వేళ్ల మీద లెక్కవేసుకుంది. ఈస్టర్ సెలవులయ్యాక వెర్డెల్ ఆ మేడమెట్లు ఎక్కుతుందని తేల్చుకుంది. లేతనీలం గుడ్డ పరిచి, అంచు సన్నగా కత్తిరిస్తుంటే మడత మరిచిపోయావన్నాను. ఆమె నోట్లో ఉన్న గుండుసూదులు తీసి పక్కన పెట్టింది.

“మరిచిపోలేదు టీచరమ్మా. మడత ఉంటే గౌను కింద బరువుగా వేలాడుతుంది. జడ్జి కంటికి అదే ఆనుతుంది. బీదపిల్ల, సర్దుకుపోయే పిల్ల అని ముందే అనేసుకుంటాడు.”

“మరి వచ్చే ఏటికి?”

“వచ్చే ఏటికి దీంతో పనేముంది? ఈస్టర్‌కల్లా తేలిపోతుందిగా.”

మార్చిలో వాయిదా పడింది. స్కూలు బోర్డు లాయరు గడువడిగాడు. శరదృతువులో మళ్లీ అడిగాడు. తర్వాత, ఏ పిల్ల ఏ బడికి వెళ్లాలో తేల్చడానికి ఒక కమిటీ ఉంది, ముందు అక్కడ దరఖాస్తు పెట్టుకోవాలన్నాడు. ఆ కమిటీ ఒక్కసారైనా కూర్చున్నట్టు ఎవరూ వినలేదు. ఈలోగా పద్నాలుగేళ్ల వెర్డెల్ జానెడు పొడుగు సాగింది. గౌను మోకాళ్ల పైకి పోయింది. విప్పడానికి మడత లేదు. అదే నీలం గుడ్డ కోసం బజారుకు వెళితే, దావా వేసిన ఆమెకు కొలిచి ఇచ్చేది లేదన్నారు. తన ఆదివారం లంగా చింపి, ఆ ముదురునీలం గుడ్డను పట్టీగా కింద వేసింది. మరుసటి ఏడు ఇంకో పట్టీ పడింది.

దొరసానులు కుట్టుపని ఇవ్వడం మానేశారు. భర్త లానీని కలప మిల్లు నుంచి తీసేశారు. అతను బాల్టిమోర్ రేవులో పనికి పోయి, క్రిస్మస్‌కు మాత్రం వచ్చేవాడు. ఓరీలియా మా పేటవాళ్ల బట్టలే ఉతికింది, ఇస్త్రీ చేసింది. అలసిపోయానని ఆమె అనగా నేను వినలేదు. కానీ చర్చిలో పాటకు అందరం లేచినప్పుడు ఆమె కూర్చునే ఉండేది.

యాభై తొమ్మిది వసంతంలో కేసు బెంచీ ఎక్కింది. వెర్డెల్ అప్పటికి చివరి తరగతి. బోర్డు లాయరు మా ఓరీలియాను పనిమనిషిని పిలిచినట్టు పిలిచాడు.

“ఓరీలియా, నిన్నెవరు ఎగదోశారు?”

ఆవిడ మిసెస్ మిమ్స్ అని బోల్డెన్ లేచి చెప్పాడు. జడ్జి వినిపించుకోలేదు. ఓరీలియా మాత్రం నిదానంగా జవాబిచ్చింది.

“ఎవరూ ఎగదొయ్యలేదండీ. మా పిల్ల రోజూ మీ బడి ముందునుంచే నడిచి, ఇంకో నాలుగు మైళ్లు పోయి మా బడికి చేరుతుంది. అది నేను చూస్తున్నాను, అంతే.”

తీర్పు వెంటనే రాలేదు. జూన్‌లో వెర్డెల్ మా బడిలోనే చదువు ముగించింది. ఆగస్టులో కాగితం వచ్చింది. ఈ అమ్మాయి చదువు అయిపోయింది కనుక ఇక తేల్చవలసిందేమీ లేదు, దావా కొట్టివేయడమైనది అని.

“జడ్జిగారు నా చదువు ఎప్పుడైపోతుందా అని కూర్చున్నాడమ్మా,” అంది వెర్డెల్.

మళ్లీ దావా వేశారు. ఈసారి మిగిలిన ఇద్దరమ్మాయిలు, ఈయోలా, లియోటాల పేర్ల మీద. పట్టీలు ఊడదీస్తే గౌను ఈయోలాకు సరిపోయింది. ఏడాది తిరిగాక ఆ పట్టీలే మళ్లీ వేయవలసి వచ్చింది. నాలుగేళ్లు, ఎన్నో వాయిదాలు. నాకన్నా ఈ గౌనే కోర్టు ఎక్కువ చూసింది, సాక్షిగా దీన్నే నిలబెట్టండని ఈయోలా బోల్డెన్‌తో అంది. అరవై మూడులో ఆమె చదువూ మా బడిలోనే ముగిసింది.

అరవై నాలుగు ఆగస్టులో బోల్డెన్ టోపీ చేత్తో పట్టుకుని వసారా ఎక్కాడు. ఓరీలియా, నేనూ బీన్స్ ఒలుస్తున్నాం. లియోటాను పదకొండో తరగతిలో చేర్చుకోవాలని కోర్టు ఆజ్ఞ.

“దాన్నొక్కదాన్నేనా?” అంది ఓరీలియా.

“ఒక్కదాన్నే, మిసెస్ మిమ్స్. మిగతా పిల్లలు ఎవరికి వారు దరఖాస్తు పెట్టుకోవాలి.”

ఆమె ఇంకో కాయ ఒలిచింది. “అయితే ఇంకా అయిపోలేదన్నమాట.”

ఎనిమిదేళ్లలో బోల్డెన్ జుట్టు సగం నెరిసింది.

పెట్టెలోంచి ఆ నీలం గౌను తీస్తుంటే లియోటా అడ్డుపడింది.

“నేను వెళ్తానమ్మా. అది మాత్రం వేసుకోను. అందులో అక్కలిద్దరూ ఉన్నారు. ముగ్గురం ఒక్కదాంట్లో పట్టం.”

ఓరీలియా వాదించలేదు. గౌను మళ్లీ పెట్టెలో పెట్టేసింది. పట్నం నుంచి నేను తెల్లచుక్కల గుడ్డ తెచ్చిచ్చాను. నా వంతుగా అంతే చేయగలిగాను. ఆమె రెండు రోజుల్లో కుట్టింది. కింద నాలుగు వేళ్ల మడత పెట్టింది. లియోటా వేసుకుని చూసి అడిగింది.

“నాకు పదహారేళ్లమ్మా. ఇంక ఎదగను. ఇదెందుకు?”

ఓరీలియా దారం పంటితో తెంపింది.

“నువ్వు ఎదగవులే. నీ తర్వాత వేసుకునేది ఎవరో, ఎంత పొడుగుంటుందో నాకేం తెలుసు?”

బడి మొదటి రోజు ఓరీలియా, నేనూ రోడ్డు ఇవతల నిలబడ్డాం. మెట్ల మీద కొందరు తెల్లవాళ్లు, ఒక పోలీసు. ఎవరూ చేయి చేసుకోలేదు, దారీ ఇవ్వలేదు. లియోటా వాళ్ల పక్కనుంచి ఒరుసుకుంటూ ఎక్కింది. అడుగు వేసినప్పుడల్లా ఆ మడత పిక్కలకు కొట్టుకుంటోంది.

“వేలాడుతోంది కదూ?” అంది ఓరీలియా.

కనపడుతోందన్నాను.

“కనపడనీ.”

తలుపు మూసుకున్నాక కూడా కాసేపు అటే చూసింది. తర్వాత రోడ్డు అంచున కూర్చుని, చెప్పులు విప్పి పాదాలు నొక్కుకుంది. ఇంటి దగ్గర బట్టలు నానబెట్టి వచ్చానని గుర్తు చేసుకుంది. లేవడానికి చేయి చాపితే నా చేయి అందించాను. ఇద్దరం నడిచి వెనక్కి వచ్చాం.